పైకప్పు మీద పూల ఒడ్డు

నా తమ్ముడు ఒకరితో గొడవపడి నెగ్గడం నేను చూసింది ఒక్కసారే. అదీ వెల్లకిలా పడుకుని చూశాను.

అటక మీది డబ్బా అందుకోబోయి స్టూలు మీదనుంచి జారిపడ్డాను. ఊపిరి తీస్తే పక్కటెముకల్లో కత్తి దిగినట్టుంది. తమ్ముడు పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లారు. వాడక్కడ ఎక్స్‌రేలు తీసేవాడు. కిటికీ లేని గది, ఐసుగడ్డలాంటి బల్ల, గోడకి వేలాడుతున్న బరువైన కోటు ఒకటి. నన్ను బల్ల మీద సర్ది, "పైకి చూస్తూ ఉండక్కా" అని చెప్పి వాడు అడ్డగోడ వెనక్కి వెళ్లాడు.

చూశాను. నా మొహానికి సరిగ్గా పైన, పైకప్పు మీద, తలుపు రెక్కంత ఫొటో అంటించి ఉంది. ఒక ఏరు. కుడిపక్కన రాతి వంతెన. అవతలి ఒడ్డు పొడుగునా పసుప్పచ్చ పూలు, మధ్యలో మట్టి కూడా కనపడనంతగా. ఎండ వాటి మీదే కాపురం పెట్టినట్టుంది.

"ఊపిరి పీల్చు... బిగపట్టు..." అని గోడ వెనకనుంచి వాడి గొంతు.

"ఒరేయ్, ఇదెక్కడ తీశావురా?" అన్నాను నేను.

మొదటి ఫిల్ము అలా పాడైంది.

"అక్కా, బిగపట్టమంటే మాట్లాడతావేంటి?"

"నెత్తి మీద అంత బొమ్మ పెట్టి నోరు మూసుకోమంటే ఎలారా?"

వాడు మళ్లీ నన్ను సర్దుతున్నాడు. అప్పుడే పెద్ద నర్సమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆవిడ నడిచొస్తే బీరువా నడిచొచ్చినట్టుంటుంది. ఆ ఆసుపత్రిలో డాక్టర్లు కూడా ఆవిడకి పక్కకి జరిగి దారిచ్చేవారు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? దాన్ని తీసెయ్యమన్నానా లేదా? ఇది ఆసుపత్రా, మంగలి షాపా?"

"ఆసుపత్రేనండి."

"కాగితం మీద దుమ్ము చేరుతుంది. ఆ దుమ్ము పేషెంటు మీద రాలుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు నన్నడుగుతారు, నిన్ను కాదు."

"నేనే తుడుస్తున్నానండి."

"తుడవడానికి పెట్టుకున్నామా నిన్ను, ఎముకలు తీయడానికా?"

"ఎముకలు తీయనండి, ఫొటోలే తీస్తాను. ఎముకలు ఎవరివి వాళ్లకే ఉంచేస్తాను."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే ప్రాణం పోతోంది. అయినా ఊరుకోలేక, "అమ్మా, పేషెంటుని నేనే. నా మీద ఏ దుమ్మూ పడలేదు" అన్నాను. ఆవిడ నావైపు ఎలా చూసిందంటే, బల్ల మాట్లాడినట్టు చూసింది.

మావాడు గొంతు పెంచలేదు. "సరేనండి, తీసేస్తాను" అని స్టూలు లాక్కుని ఎక్కాడు. ఫొటో ఒక మూల పట్టుకుని మెల్లగా సగం దాకా ఒలిచాడు. దాని కింద ఎప్పటిదో నల్లటి తడి మరక. రెండు గుంటకళ్లు, లోపలికి పోయిన ముక్కు, ఇకిలించిన పళ్లు. ఎటునుంచి చూసినా పుర్రే.

"పైన నీళ్ల గొట్టం కారినప్పటిదండి. సున్నం కొట్టినా మళ్లీ పైకొచ్చేస్తోంది. దీన్ని చూసి ఒకాయన బల్ల దిగి పారిపోయాడు. మిగతా సగం కూడా తీసెయ్యమంటారా?"

నర్సమ్మ దాన్ని చూసింది. అది నర్సమ్మని చూసింది.

"అంటించు" అంది ఆవిడ. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మూలలు గట్టిగా నొక్కు" అని కూడా అంది.

బల్ల దిగి పారిపోయినాయన సంగతి నిజమేనా అని తర్వాత అడిగాను. "పారిపోవాలనే అనుకున్నాడక్కా. కాలు విరిగింది కదా, కుదరలేదు" అన్నాడు.

ఇదీ నా తమ్ముడు. ఆసుపత్రిలో వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ 'ఊపిరి సారు'. బజారులో ఎదురుపడ్డవాళ్లు కూడా, "ఊపిరి సారూ, ఇప్పుడు వదలచ్చా?" అని హాస్యమాడేవాళ్లు. "మీరింకా వదల్లేదా? అందుకే అలా ఉబ్బారు" అనేవాడు వీడు.

వాడు పుట్టేనాటికే నేను బడి మానేశాను. బడి కూడా నన్ను బతిమాలలేదు. అమ్మ పనికి వెళ్తే వాణ్ణి ఎత్తుకు తిరగడమే నా పని. కింద పెడితే ఏడుపు, భుజాన వేసుకుంటే నిద్ర. నా ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉంటుందని బట్టలు కుట్టేవాడు ఇప్పటికీ గొణుగుతాడు. 'ఎలా కొలిచినా ఈ పక్క జారిపోతోందమ్మా' అంటాడు. జారదా మరి? అది వాడు పడుకున్న భుజం.

పెద్దయ్యాక వాడు ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే పనికి కుదిరాడు. తోస్తూ తోస్తూ ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగిచూసేవాడట. అక్కడి ముసలాయన వాడి చూపు గమనించి ఫిల్ములు కడిగే చీకటి గదిలో పెట్టుకున్నాడు. తర్వాత పరీక్ష రాయించి బల్ల దగ్గరికి తెచ్చాడు. ఆ ముసలాయన వెళ్లిపోయాక ఆ గది మావాడిదే. పొద్దున లోపలికి వెళ్తే బయట ఎండో వానో తెలియదు. వచ్చిన ప్రతివాడూ నొప్పితో వస్తాడు. ప్రతివాడితోనూ అవే మాటలు. పీల్చండి, బిగపట్టండి, కదలద్దు, ఇక వదలండి.

ఆ గదిలో ఉన్నవాడు కాబట్టే బయటపడితే ఆగేవాడు కాదు. మూతపడ్డ స్టూడియోవాళ్ల దగ్గర పాత కెమెరా ఒకటి సంపాదించాడు. సెలవు దొరికితే చాలు, పెళ్లాన్ని వెంటేసుకుని రైలో బస్సో ఎక్కేవాడు. ఊరు ఏదైనా ఒకటే వాడికి. గోపురాలూ కోటలూ చూడడానికి జనం ఒకవైపు పోతుంటే వాడు గోడవార మొలిచిన పువ్వు దగ్గర చతికిలపడేవాడు. కొన్నాళ్లు నేనూ వెళ్లాను. ఒక ఊళ్లో పార్కులో నేలబారు పూలు తీయడానికి బోర్లా పడుకున్నాడు. కదలకుండా, ఊపిరి కూడా తీయకుండా పడుకునేసరికి దారినపోయేవాళ్లు మూర్ఛపోయాడనుకున్నారు. ఒక పుణ్యాత్ముడు సీసాడు నీళ్లు నెత్తిన గుమ్మరించాడు. వీడు లేచి ముందు కెమెరా తుడుచుకుని, తర్వాత మొహం తుడుచుకుని, "చాలా థాంక్సండి. పువ్వు మీద కూడా కొంచెం చల్లండి, మెరుస్తుంది" అన్నాడు.

ఇంకోసారి టీ తాగడానికి ఆపిన బస్సు వీడి కోసం హారన్ మీద హారన్ కొడుతోంది. వీడు ముళ్లపొదలోంచి చెయ్యి ఊపుతూ, "ఒక్క క్షణం, బిగపట్టండి!" అని అరిచాడు. బస్సంతా ఎందుకో నిజంగానే బిగపట్టింది. డ్రైవరుతో సహా.

కానీ మమ్మల్ని మాత్రం తీసేవాడు కాదు. మరదలికి అదొక్కటే కడుపుమంట. "ఎన్ని ఊళ్లు తిరిగాం వదినా, నేను వెళ్లినట్టు ఒక్క రుజువు లేదు. రేపెవరైనా అడిగితే ఆ చామంతి నా వెనకాల పూసిందని చెప్పుకోవాలి" అనేది. ఒకసారి నేను నిలదీశాను.

"ఆ పిల్లనొక్కసారి నిలబెట్టి తీస్తే నీ సొమ్మేం పోయిందిరా?"

"రోజంతా మనుషుల్ని కదలద్దు కదలద్దు అంటూనే ఉంటానక్కా. సెలవులోనన్నా కదలనీ వాళ్లని."

ఆఖరి మాట వాడికి వదలడం నాకు అలవాటు లేదు కాబట్టి, "అయితే మానెయ్" అన్నాను.

పైకప్పు మీది ఫొటో ఆ తిరుగుళ్లలోనే తీశాడు. కొండల్లోకి పోయే దారిలో బస్సు టైరు పేలి ఒక ఏటి పక్కన ఆగిపోయిందట. టైరు మార్చేలోపల వీడు గట్టు దిగి తీసిన ఫొటో అది. అప్పుడు నేను లేను, మరదలుంది. ఊరొచ్చాక దాన్ని పెద్దది వేయించి పుర్రె మీద అంటించాడు. ఆ బల్ల మీద పడుకున్నవాళ్లు ఎంతమందో దాన్ని చూస్తూ నొప్పి ఓర్చుకున్నారు. వాడు రిటైరైన రోజున కూడా దండలు వేయించుకునే ముందు ఆ మూలలు నొక్కి వచ్చాడు.

తర్వాత ఆసుపత్రికి కొత్త యంత్రం తెచ్చారు. గది మార్చారు. ఫొటో ఊడదీయబోతే ముక్కలైంది. ఆ గదిలో ఇప్పుడు పనిచేసే అమ్మాయి వెతుక్కుంటూ వాడింటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"సార్, అలాంటిది ఇంకొకటి ఇవ్వరా? పైన ఏమీ లేదు. పడుకున్నవాళ్లందరూ నన్నే గుడ్లప్పగించి చూస్తున్నారు. నాకు భయమేస్తోంది."

"ఇస్తానమ్మా" అన్నాడు వీడు, టీ కప్పు అందిస్తూ. అప్పుడు చూశాను. కప్పు సాసరులో టకటకలాడుతోంది. వాడు గబుక్కున దాన్ని బల్ల మీద పెట్టి చెయ్యి జేబులో దాచుకున్నాడు.

ఆ అమ్మాయి వెళ్లాక అడిగాను. "ఎన్నాళ్లనుంచిరా ఇది?"

"మొన్నటినుంచే."

"మొన్నటినుంచంటే?" అని మరదలివైపు చూశాను. అది కళ్లు దించుకుంది. వాడి చేతులు వణకడం మొదలై చాలాకాలమైందట. మందు వేసుకుంటున్నాడు. మందు పొద్దున కాస్త పనిచేస్తుంది, తర్వాత దాని దారి అది చూసుకుంటుంది. ఇంకా పెరుగుతుందనే డాక్టరు చెప్పాడు.

పాత ఫొటో మళ్లీ వేయిద్దామంటే నెగెటివ్ లేదు. వానకి పెట్టెలోకి నీళ్లు చేరి నెగెటివ్‌లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టలా అయ్యాయి. మిగిలింది అరచేతి కన్నా కొంచెం పెద్ద ఫొటో ఒకటే, అదీ రంగు వెలిసిపోయి. వాడి కూతురు కొనిచ్చిన కొత్త కెమెరాతో పెరట్లో పూలు తీసి చూశాడు. ప్రతి పువ్వుకీ నీడలా ఇంకో పువ్వు వచ్చింది.

"బజారులో పూల బొమ్మలు బోలెడు దొరుకుతాయి. ఒకటి కొని ఇచ్చెయ్యరాదూ?" అన్నాను.

"అవి ఎవరో చూసినవక్కా. నేను చూసింది ఇస్తానన్నాను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడు జేబులోంచి చెయ్యి తీయలేదు.

పూలు పూసే కాలం దగ్గరపడింది. మళ్లీ ఆ ఏటికే వెళ్లి తీస్తానన్నాడు. ఈసారి తీయలేకపోతే వచ్చేసారికి ఆ చేతులు కెమెరా ఎత్తనిస్తాయో లేదో. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నేను వెంటనే, "నేనూ వస్తున్నాను. కాదంటే చూడు" అన్నాను. కాదనలేదు.

రైలెక్కి, బస్సు మారి, ఆ ఏటికి దగ్గర్లో ఉన్న చిన్న ఊళ్లో లాడ్జిలో దిగాం. ఒకే గది, మూడు మంచాలు, గోడకి పగులుబారిన అద్దం, కుళాయి తిప్పితే ముందు దగ్గి తర్వాత నీళ్లిస్తుంది. కిటికీలోంచి దూరంగా రాతి వంతెన కనపడింది. చూడగానే వాడి మొహం విప్పారింది.

"అదే వంతెన. ఇంకేముంది, దొరికినట్టే."

పొద్దున్నే బయల్దేరాం. వాడి చేతిలో వెలిసిపోయిన ఫొటో. వాడి లెక్క తేలికే. ఫొటోలో వంతెన కుడిచేతి వైపు ఉంది. అంటే ఏటికి ఎదురుగా నిలబడ్డప్పుడు వంతెన మన కుడిపక్కన ఉండాలి. అలా ఉండాలంటే వంతెనకి ఎడమగా నడవాలి. నడిచాం.

మరదలు మొదటి అడుగులోనే మొదలుపెట్టింది. "ఇటు కాదనుకుంటానండీ. అటేమో."

"ఫొటోలో చూడవే, వంతెన ఏ పక్కనుంది?"

"ఫొటోలో ఏముందో నాకు తెలియదు. నేను రాయి మీద కూచుని నారింజ పండు ఒలుచుకు తిన్నాను. వంతెన నాకు ఈ చేతి వైపుంది. ఎండ ఈ చెంప మీద కొట్టింది, ఊరెళ్లినా కమిలినట్టే ఉండింది" అని ఎడమ చెయ్యీ, కుడి చెంపా చూపించింది.

"ఇన్నేళ్ల కింద ఎండ ఏ చెంప మీద కొట్టిందో గుర్తుందంటే నమ్మమంటావా? ఫొటో అబద్ధం చెప్తుందా, నీ చెంప చెప్తుందా?"

"నా చెంప ఎందుకు చెప్తుంది అబద్ధం? దానికేం లాభం?"

నేను కూడా, "నోరు మూసుకుని నడువు పిల్లా, ఫొటో కళ్లెదుట ఉందిగా" అన్నాను.

ఆ గట్టు పొడుగునా తిరిగాం. అవతలి ఒడ్డున ఇటుకల బట్టీలు, పొగ, తవ్వేసిన గుంటలు. పూలు కాదు గదా, పచ్చిగడ్డి కూడా లేదు. ఎండ నెత్తికెక్కేదాకా ముందుకీ వెనక్కీ నడిచాడు వాడు. ప్రతి మలుపులోనూ ఫొటో ఎత్తి చూడడం, దించడం. మందు ప్రభావం తగ్గినట్టుంది, ఫొటో చేతిలో ఆకులా ఊగుతోంది. చివరికి ఒక రాయి మీద కూలబడ్డాడు.

"తవ్వేశారక్కా. ఆ ఒడ్డు ఇక లేదు."

నేను వాణ్ణి మెచ్చుకోవడానికి పుట్టలేదు, ఓదార్చడం అసలే రాదు. పక్కన కూచుని, "లేకపోతే లేదు. లేచి అన్నం తిందాం పద" అన్నాను. తినలేదు వాడు. ఆ సాయంత్రమంతా మంచం మీద గోడకి తిరిగి పడుకున్నాడు.

మర్నాడు తిరుగుబస్సు. పొద్దున్నే మరదలు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటోంది. నేను సంచులు సర్దుతున్నాను. వాడు మంచం మీద కూచుని ఆ ఫొటోనే చూస్తున్నాడు.

"ఏదీ, ఇలా చూపించు, చివరిసారి నేనూ చూస్తాను" అన్నాను. వాడు దాన్ని నావైపు తిప్పి పట్టుకున్నాడు.

అద్దం ముందు మరదలి దువ్వెన ఆగిపోయింది.

"అదిగో! అదీ! అలాగే ఉండింది!"

"ఏదే?"

"అద్దంలోది! అద్దంలో ఉన్నది చూడండి! వంతెన ఈ చేతి పక్కన, నేను కూచున్న రాయి ఆ మూల. అదే నేను చూసిన ఏరు!" వెనక్కి తిరిగి ఫొటో చూసింది. "ఇది కాదు." మళ్లీ అద్దంలోకి చూసింది. "ఇదీ!"

వాడు లేచాడు. ఫొటో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎక్స్‌రేలు వెలుతురుకి ఎత్తి చూసినట్టే, దాన్ని వెనక్కి తిప్పి ఎండకి అడ్డంగా పట్టుకున్నాడు. కాగితం వెనకనుంచి ఏరు లీలగా కనపడింది. వంతెన ఎడమ పక్కకి వచ్చింది. అలాగే కిటికీలోంచి అసలు వంతెన వైపు చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

తర్వాత మంచం మీద కూచుండిపోయాడు.

"నేనే తిప్పాను" అన్నాడు.

సంగతి ఏమిటంటే, వాడు నెగెటివ్‌లను ముక్కలుగా కత్తిరించి అట్ట చట్రాల్లో తనే బిగించేవాడు. ఏ వైపు ముందుకి రావాలో చుక్క పెట్టి స్టూడియోకి పంపేవాడు. స్టూడియోవాడు చుక్క చూసి వేసిచ్చేవాడు. కానీ మావాడు జీవితమంతా పట్టుకున్నవి ఎక్స్‌రే ఫిల్ములు. వాటికి ముందూ వెనకా లేదు, ఎటు తిప్పినా ఎముక ఎముకే. ఏది కుడి, ఏది ఎడమ అన్నది తెలియడానికి తీసేటప్పుడే మనిషి పక్కన సీసం లోహంతో చేసిన చిన్న అక్షరం పెడతారు, కుడికొకటి, ఎడమకొకటి, అది ఎముకతో పాటు ఫిల్ములో పడుతుంది. ఆ అక్షరం లేని ఫిల్ము వాడి చేతికి ఏ వైపొస్తే ఆ వైపే. కొండకీ ఏటికీ అక్షరం ఎవరు కట్టారు?

"అయితే మనింట్లో గోడ మీది జలపాతం?" అంది మరదలు.

వాడు ఆలోచించాడు. "అదీ తిరగబడే ఉంటుంది."

"ఆ గడియారం స్తంభం పక్కన తోట?"

"గడియారం ముళ్లు ఎందుకలా ఉన్నాయా అని నాకప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు గొణుగుతూ. "ఆగిపోయిన గడియారం అనుకున్నాను."

అంతే. మరదలు దువ్వెన కింద పడేసి మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. "ఆ సీసపు అక్షరం... ఒకటి నా మెడలో కట్టి నిలబెట్టాల్సిందండీ... నన్ను తీస్తే పోయేదిగా... నా పుట్టుమచ్చ ఎటుందో చూస్తే తెలిసేదిగా..." మాట పూర్తయితే గదా. కళ్లనుంచి నీళ్లు, ఎక్కిళ్లు. వాడు మొదట మొహం ముడుచుకున్నాడు. తర్వాత పెదాలు వణికాయి. తర్వాత వాడూ మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్లూ పేషెంట్లందరికీ తిరగేసిన ఏరు చూపించానక్కా."

"వాళ్లకేం తేడా చేసిందిరా? ఎముకలు అతుక్కున్నాయిగా" అన్నాను.

తిరుగుబస్సు మమ్మల్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. మేం వంతెనకి కుడిపక్కగా నడిచాం. గట్టు మలుపు తిరిగామో లేదో, అవతలి ఒడ్డు ఒక్కసారిగా ఎదురొచ్చింది. ఎలా చెప్పను? ఆ బల్ల మీద నేను చూసింది ఉత్త కాగితం. ఇది గాలికి కదులుతోంది. పొడుగునా పసుప్పచ్చ అలలు లేస్తున్నాయి, పడుతున్నాయి. వాసన కూడా ఏరు దాటి వస్తోంది. మరదలు సరాసరి వెళ్లి ఒక చదునైన రాయి మీద కూచుంది. వంతెన ఎడమచేతి పక్కన. ఎండ కుడి చెంప మీద.

"చెప్పానా?" అంది. ఇక ఆ రోజంతా ఆ మాట ఎన్నిసార్లందో లెక్కలేదు. అననిచ్చాం. అది సంపాదించుకున్న మాట.

వాడు కెమెరా తీశాడు. మందు వేసుకుని ఎంతోసేపు కాలేదు, ఇదే మంచి సమయం. ఊపిరి పీల్చి, బిగపట్టి, నొక్కాడు. ఆ కొత్త కెమెరా వెనక బొమ్మ వెంటనే కనపడుతుంది. చూశాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ చూశాడు. నేనూ తొంగిచూశాను. పూలన్నీ కలిసిపోయి, ఒలికిపోయిన రంగులా ఉంది. మోచేతులు డొక్కలకి ఆనించి చూశాడు. రాయి మీద పెట్టి తీద్దామంటే మా వైపు గట్టున నడుం ఎత్తు గడ్డి, వంగితే అవతలి ఒడ్డు కనపడదు. చెట్టుకి ఆనుకుందామంటే దగ్గర్లో చెట్టు లేదు. నిలబడే తీయాలి, ఇక్కడే తీయాలి. ఆ చేతులు మాత్రం మాట వినడం లేదు. రెండు చేతుల్నీ దగ్గరగా పట్టుకుని వాటివైపు చూశాడు, కదిలే పేషెంట్లని చూసినట్టు.

మరదలు రాయి మీద కూచుని ఇంకా నవ్వుతూనే ఉంది. మధ్యమధ్యలో తనలో తనే 'సీసపు అక్షరం' అనుకోవడం, భుజాలు ఊగిపోవడం. దాన్ని కదపకపోవడమే మంచిది.

వాడు నావైపు తిరిగాడు. నన్ను ఆసుపత్రి బల్ల మీద సర్దినప్పుడు ఎలా చూశాడో అలాగే, ఏది ఎంత ఎత్తులో ఉందో కొలిచినట్టు చూశాడు. భుజాల దగ్గర వాడి చూపు ఆగింది.

"ఏంట్రా అలా చూస్తున్నావు?"

"ఇలా రా అక్కా. ఏటివైపు తిరిగి నా ముందు నిలబడు."

నిలబడ్డాను. వాడు నా వెనక్కి వచ్చాడు. కెమెరా నా ఎడమ భుజం మీద, ఆ కిందికి జారిన భుజం మీద ఆనించాడు. వాడి గడ్డం నా మెడకి తగిలింది. వణుకు నా ఎముకల్లోకి తెలిసింది. మెల్లగా, బరువు మొత్తం వదిలేసరికి అది తగ్గింది. వంపు వాడి కోసమే చేసినట్టు సరిపోయింది కెమెరాకి.

నాకు ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. బట్టలు కుట్టేవాడి సంగతి చెప్పాలనిపించింది. చిన్నప్పుడు వాడు అదే భుజం మీద చొంగ కార్చుకుంటూ ఎలా పడుకునేవాడో చెప్పాలనిపించింది. ఆ ఫొటో ఎలా వచ్చిందో నేను చెప్పను. కావాలంటే ఆ ఆసుపత్రికి వెళ్లి, ఆ బల్ల మీద పడుకుని, పైకి చూడండి. వంతెన ఏ పక్కనుందో మాత్రం గుర్తుపెట్టుకోండి.

నేను నోరు తెరిచాను.

"అక్కా" అన్నాడు వాడు నా చెవి దగ్గర, "ఈ ఒక్కసారి మాట్లాడకు. పీల్చు... ఊఁ, ఇక బిగపట్టు."